‘అయ్యా’ అనాలా, ‘సర్’ అనాలా? ప్రభుత్వ కార్యాలయాల్లో మర్యాదలపై పాఠకుల ప్రశ్నలు

తహసీల్దారు ఆఫీసు మొదలుకొని కోర్టు హాలు దాకా ఎవరిని ఏమని పిలవాలి, కాగితం మీద పేరుకు ముందూ వెనకా ఏం రాయాలి అన్న సందేహాలు ఈ శీర్షికకు తరచూ వస్తుంటాయి. ఎక్కువమందికి పనికొచ్చేవాటిని ఈసారి ఒకచోట చేర్చాం. రెవెన్యూ, న్యాయ, ప్రోటోకాల్ పనులు బాగా తెలిసినవారు వీటికి జవాబులు రాశారు.

ప్రశ్న: మా ఊళ్లో అర్జీలు రాసిపెట్టే పెద్దమనిషి ‘మహారాజశ్రీ జిల్లా కలెక్టర్ గారి దివ్య సముఖమునకు’ అని మొదలుపెట్టి, ‘తమ పాదసేవకుడు’ అని ముగిస్తాడు. అలా రాయకపోతే అర్జీ పక్కన పడేస్తారని ఆయన మాట. నిజమేనా? (ఒక రైతు, నంద్యాల జిల్లా)

జవాబు: నిజం కాదు. ‘మహారాజశ్రీ’, ‘దివ్య సముఖం’, ‘పాదసేవకుడు’ దొరల కాలం నాటి కచేరీల్లో చెల్లిన మాటలు. ఇప్పుడు ఏ నిబంధనా వాటిని అడగదు. ఏ గుమాస్తా కూడా అర్జీని ఆ మాటల కోసం చదవడు. ఆయన కళ్లు వెతికేవి నాలుగే: ఏ అధికారికి, ఏ విషయం మీద, ఏ ఊరు, ఏ సర్వే నంబరు. మొదటి నాలుగు లైన్లూ పొగడ్తకే పోతే ఈ నాలుగూ కింద ఎక్కడో దాక్కుంటాయి. సోమవారం వందల అర్జీల మధ్య మీది తప్పు సెక్షనుకు వెళ్లడానికి అదే కారణమవుతుంది.

పైన కుడివైపు ఊరు, తేదీ. ఎడమవైపు మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, గ్రామం, మండలం, ఫోన్ నంబరు. దాని కింద అధికారి హోదా:

శ్రీయుత జిల్లా కలెక్టర్ గారికి,
నంద్యాల జిల్లా.

ఆర్యా,
విషయం: ఫలానా గ్రామం, సర్వే నంబరు 142 పక్కనున్న బండి దారి ఆక్రమణ తొలగించమని విన్నపం.
సూచిక: తహసీల్దారు గారికి ఫలానా తేదీన ఇచ్చిన అర్జీ, రసీదు నంబరు ఫలానా.

అధికారి పేరు రాయాల్సిన పని లేదు. బదిలీలు జరుగుతుంటాయి, హోదా పేరున రాసిన కాగితం కుర్చీలో ఎవరున్నా వారికే చెందుతుంది. కలెక్టర్ మహిళ అయినా ‘కలెక్టర్ గారికి’ సరిపోతుంది. ‘ఆర్యా’ బదులు ‘అమ్మా’ అనో ‘మేడమ్’ అనో రాసినా తప్పు లేదు.

తర్వాత మూడు చిన్న పేరాలు చాలు. మీరెవరు, ఆ భూమితో మీకేం సంబంధం అన్నది మొదటిది. ఏం జరిగింది, ఎప్పటినుంచి, ఇంతవరకు ఎవరిని అడిగారు అన్నది రెండోది. మీకు ఏం చేసిపెట్టాలన్నది మూడోది. ‘తగు న్యాయం చేయగలరు’ అని వదిలేయకండి. ‘సర్వేయరును పంపి హద్దులు కొలిపించి, దారి తెరిపించవలసిందిగా కోరుతున్నాను’ అని చేయాల్సిన పనిని చెప్పండి. మూడో పేరా సూటిగా ఉన్న అర్జీ మీద అధికారి కింది ఉద్యోగికి ఒక్క వాక్యంలో ఆదేశం రాయగలరు. అది లేకపోతే ‘పరిశీలించి నివేదిక ఇవ్వండి’ అని రాసి కిందికి పంపేస్తారు.

చివర ‘ఇట్లు, భవదీయుడు’ లేదా ‘ఇట్లు, తమ విధేయుడు’. రెండూ మర్యాదైనవే. సంతకం దగ్గర మీ పేరుకు మీరే ‘శ్రీ’ గానీ ‘గారు’ గానీ పెట్టుకోకూడదు. ‘జతపరచినవి’ అని రాసి పాసుపుస్తకం, పాత రసీదు నకళ్లు వరుసగా పేర్కొనండి. ఒరిజినల్స్ ఇవ్వకండి.

ఇంకొక పొరపాటు చాలామంది చేస్తారు. ఒకే అర్జీ పైన కలెక్టర్, ఆర్డీవో, తహసీల్దారు, ఎస్పీ, ఎమ్మెల్యే, అందరి పేర్లూ రాసేస్తారు. అప్పుడు అది ఎవరిదీ కాకుండా పోతుంది, పక్కవారు చూసుకుంటారని ప్రతివారూ అనుకుంటారు. పని చేయాల్సిన ఒక్కరికే రాయండి. మిగిలినవారికి తెలియాలనుకుంటే అడుగున ‘ప్రతి:’ అని పెట్టి వారి హోదాలు రాయండి.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్లు స్టాంపు, తేదీ వేయించుకోండి. కలెక్టరేట్లలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో (తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు) నమోదు నంబరు ఇస్తారు, దాన్ని అడిగి తీసుకోండి. స్టాంపు అడిగితే అధికారిని శంకించినట్లవుతుందేమోనని మొహమాటపడేవారున్నారు. రసీదు అడగడం మీ హక్కు, అందులో అమర్యాద ఏమీ లేదు.

తెలుగులో రాయడానికీ వెనకాడనక్కర్లేదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా వినతి ఇవ్వవచ్చు. 1966 నాటి అధికార భాషా చట్టం తెలుగును పాలనా భాషగా నిలబెట్టింది. ‘ఇంగ్లీషులో రాయించుకు రండి’ అని ఎవరైనా కౌంటర్ దగ్గర అంటే, ఈ రెండింటినీ నిదానంగా గుర్తుచేయండి.

ప్రశ్న: ఒక సివిల్ దావాలో సాక్షిగా జిల్లా కోర్టుకు వెళ్లాలి. సినిమాల్లో ‘మిలార్డ్’ అంటారు. నేను జడ్జి గారిని ఏమనాలి? (విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్)

జవాబు: ‘సర్’ అనండి, మహిళా జడ్జి అయితే ‘మేడమ్’. తెలుగులో ‘అయ్యా’, ‘అమ్మా’ అన్నా అంతే గౌరవం. భారత బార్ కౌన్సిల్ 2006లో న్యాయవాదుల నియమాల్లో ఈ సంగతి స్పష్టంగా చేర్చింది. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో ‘యువర్ ఆనర్’ లేదా ‘గౌరవ న్యాయస్థానం’ అనాలి. కింది కోర్టుల్లో, ట్రైబ్యునళ్లలో ‘సర్’ లేదా ప్రాంతీయ భాషలో దానికి సరిసమానమైన మాట వాడవచ్చు. ‘మై లార్డ్’, ‘యువర్ లార్డ్‌షిప్’ వలస పాలన అవశేషాలని ఆ నియమానికి ఇచ్చిన వివరణలోనే ఉంది. 2019లో రాజస్థాన్ హైకోర్టు న్యాయమూర్తులందరూ కలిసి, తమను అలా పిలవవద్దని నోటీసు జారీ చేశారు.

అయినా హైకోర్టుల్లో ఆ మాట ఇప్పటికీ రోజూ వినిపిస్తుంది. సుప్రీంకోర్టులో దీనికి తిరగబడిన ఉదాహరణ కూడా ఉంది. 2021లో సొంతంగా వాదించుకుంటున్న ఒక న్యాయ విద్యార్థి ‘యువర్ ఆనర్’ అంటే ధర్మాసనమే అభ్యంతరం చెప్పింది. అందుకే వకీలు లేకుండా హైకోర్టులో నిలబడాల్సి వస్తే ‘సర్’ అన్న మాటతోనే ఉండండి. అది ఎక్కడా తప్పు పట్టని మాట.

సాక్షికి సంబోధన కంటే ఎక్కువ పనికొచ్చే విషయాలు వేరే ఉన్నాయి. జడ్జి గారు హాల్లోకి వచ్చేటప్పుడు, లేచి వెళ్లేటప్పుడు అందరితోపాటు నిలబడాలి. లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ బెంచి వైపు కొద్దిగా తల వంచితే చాలు. సాష్టాంగాలు, చేతులు జోడించి నిలబడిపోవడాలు అవసరం లేదు. ఫోన్ వైబ్రేషన్‌లో కాదు, పూర్తిగా ఆపేయండి. ప్రశ్న వేసేది వకీలే అయినా జవాబు జడ్జి గారి వైపు తిరిగి చెప్పాలి, ఎందుకంటే వాంగ్మూలం నమోదు చేయించేది ఆయనే. ఒక్కో వాక్యం చెప్పి ఆగండి. టైపిస్టు అందుకునేలోపు తర్వాతి వాక్యంలోకి వెళ్తే మధ్యలో మాటలు జారిపోతాయి. ఆ తర్వాత చదివి వినిపించినప్పుడు దిద్దించుకోవడం కష్టం.

ప్రశ్న అర్థం కాకపోతే ‘సర్, ప్రశ్న మళ్లీ చెప్పించండి’ అని అడగడం మర్యాదే. గుర్తు లేకపోతే ‘గుర్తు లేదండి’ అనండి. గౌరవం పేరుతో ‘తమరికి తెలియనిదేముంది’ వంటి మాటలు అసలు వద్దు. అవి రికార్డులోకి ఎక్కితే జవాబు దాటవేసినట్లు కనిపిస్తుంది. ఎదుటి పక్షం వకీలు గొంతు పెంచితే మీరూ పెంచకండి. జడ్జి గారి వైపు చూసి ‘సర్, నన్ను పూర్తి చేయనివ్వండి’ అంటే వారే ఆపుతారు.

ప్రశ్న: మా పంచాయతీలో కొత్త సీసీ రోడ్డుకు శంకుస్థాపన ఉంది. శిలాఫలకం మీద పేర్ల వరుసలో పోయినసారి పెద్ద గొడవ జరిగింది. ఈసారి ఏం చేస్తే గొడవ రాదు? (పంచాయతీ కార్యదర్శి, ఖమ్మం జిల్లా)

జవాబు: మా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చేది ఇదే. దీన్ని మేస్త్రీకీ కాంట్రాక్టరుకూ వదిలేయడం వల్లే సగం గొడవలు వస్తాయి. రాయి చెక్కేవాడి దగ్గర పాత ఫలకం ఫోటో ఉంటుంది. దాంట్లో పేర్లు మార్చి చెక్కేస్తాడు. పాత వరుస ఆనాటి పదవులకు సరిపోయింది, ఇప్పటివాటికి సరిపోదు.

ముందుగా ఎవరి పేర్లు ఉండాలో తేల్చుకోండి. ప్రభుత్వ నిధులతో చేసే పనికి పెట్టే ఫలకం మీద రాజ్యాంగ, ప్రజాప్రతినిధి, అధికార పదవుల్లో ఉన్నవారి పేర్లే ఉండాలి. ‘నియోజకవర్గ ఇన్‌ఛార్జి’ పార్టీ పదవి. ఎన్నికల్లో ఓడిన అభ్యర్థికి, పార్టీ మండలాధ్యక్షుడికి, మాజీలకు ఆ రాయి మీద చోటు లేదు. ఎవరు ఎంత ఒత్తిడి చేసినా ఇక్కడ గట్టిగా నిలబడండి. ఒక్క పేరు వదులుకుంటే వచ్చే కార్యక్రమానికి ఐదు పేర్లు వస్తాయి. మరోవైపు, గెలిచిన ఎమ్మెల్యే ప్రతిపక్షానికి చెందినవారని పేరు తీసేయడం ఇంకా పెద్ద తప్పు. అది శాసనసభలో హక్కుల ఉల్లంఘన నోటీసు దాకా వెళ్తుంది, జవాబు చెప్పుకోవాల్సింది సంతకం పెట్టిన ఉద్యోగే.

ఇక వరుస. కేంద్ర ప్రభుత్వం 1979 జులై 26న ప్రకటించిన ప్రాధాన్య క్రమ పట్టిక దీనికి మూలం. అందులో రాష్ట్రపతి 1, ఉపరాష్ట్రపతి 2, ప్రధాని 3, తమ రాష్ట్రంలో గవర్నర్ 4. తమ రాష్ట్రంలో ముఖ్యమంత్రి కేంద్ర క్యాబినెట్ మంత్రులతోపాటు 7లో ఉంటారు. శాసనసభ స్పీకరు, మండలి ఛైర్మన్, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి 14. పార్లమెంటు సభ్యులు 21. కేంద్ర ప్రభుత్వ కార్యదర్శులు, రాష్ట్ర ప్రధాన కార్యదర్శి 23. అంటే ఎంపీ స్థానం రాష్ట్ర ప్రధాన కార్యదర్శి కంటే కూడా పైనే. ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ, జడ్పీ ఛైర్‌పర్సన్, ఎంపీపీ, సర్పంచ్ వంటి స్థానిక పదవుల వరుసను రాష్ట్ర ప్రభుత్వ ప్రోటోకాల్ ఉత్తర్వులు చెప్తాయి. వాటి తాజా ప్రతి కలెక్టరేట్‌లోని ప్రోటోకాల్ సెక్షనులో ఉంటుంది. సొంతంగా ఊహించుకోకుండా అది తెచ్చుకోండి.

పని ఈ క్రమంలో జరగాలి. తేదీ ఖరారు కాగానే ముఖ్య అతిథి ఎవరో, అధ్యక్షత ఎవరిదో రాతపూర్వకంగా తెప్పించుకోండి. పేర్ల ముసాయిదా తయారుచేసి, పనిని చేయించే శాఖ ఇంజనీరు చేత సంతకం పెట్టించి, ప్రోటోకాల్ సెక్షనుకు పంపి ఆమోదం తీసుకోండి. ఆమోదించిన కాగితం నకలును మేస్త్రీకి ఇవ్వండి, నోటిమాటగా ఏదీ చెప్పకండి. చెక్కేముందు కాగితం మీద ప్రింటు తీసి ఇద్దరు వేర్వేరుగా చదవండి. ఇంటిపేర్లు, పొడి అక్షరాలు, ‘శ్రీమతి’, ‘డాక్టర్’ దగ్గరే తప్పులు దొర్లుతాయి. అందరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. ముఖ్య అతిథి పేరు పెద్దదిగా ఉండవచ్చు గానీ, మిగిలినవారిలో ఒకరిది పెద్దగా మరొకరిది చిన్నగా ఉంటే అదీ గొడవే.

ఆఖరి గంటలో అతిథి మారితే రాయి మీద స్టిక్కరు అంటించకండి, పేరు మీద రంగు పూయకండి. ఎవరి పేరు కప్పారో వాళ్లకు అది నలుగురిలో జరిగిన అవమానం. కార్యక్రమం కొబ్బరికాయతో, రిబ్బనుతో కానిచ్చి, ఫలకాన్ని తర్వాత సరిచేసి పెట్టండి.

వేదిక మీద కూర్చోబెట్టే పద్ధతి కూడా చాలాచోట్ల తిరగబడుతుంది. మధ్య కుర్చీలో అందరికంటే పై స్థానం వారు. రెండో స్థానం వారు ఆయనకు కుడివైపు, మూడో వారు ఎడమవైపు, నాలుగో వారు మళ్లీ కుడివైపు. కుడి అంటే కూర్చున్నవారి కుడి. కింద నిలబడి కుర్చీలకు పేర్లు అంటించే కుర్రవాళ్లు తమ కుడివైపు నుంచి లెక్కేస్తారు, దాంతో వరుసంతా తారుమారవుతుంది. పేర్లు అంటించేవారిని వేదిక ఎక్కించి, జనం వైపు ముఖం పెట్టి అంటించమనండి.

ఆహ్వానం స్థానిక ఎంపీ, ఎమ్మెల్యేలకు మనిషి చేత పంపి, అందినట్లు సంతకం తెప్పించుకోండి. వాట్సాప్ సందేశం దానికి అదనంగా మాత్రమే. ఎన్నికల కోడ్ అమల్లో ఉంటే ఈ ప్రశ్నే రాదు. కొత్త శంకుస్థాపనలు ఉండవు, పాత ఫలకాల మీద కూడా ముసుగు కప్పుతారు.

ప్రశ్న: మా గ్రామ సర్పంచ్ మహిళ. సమావేశాల్లో ఆమె భర్త కుర్చీలో కూర్చుంటాడు, అందరూ ఆయన్నే ‘సర్పంచ్ గారూ’ అంటారు. మేం కూడా అలాగే పిలవాలా? (స్వయం సహాయక సంఘం సభ్యురాలు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: పిలవకండి. ‘సర్పంచ్ గారు’ అన్న మాట ఆమెది. ఆమె భర్తను పేరు పెట్టి ‘గారు’ చేర్చి పిలిస్తే ఆయన గౌరవానికి లోటేమీ రాదు. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. ఆ హక్కు కాగితం మీదే ఉండిపోకుండా చూసుకోవాల్సింది మనమే. ఈ విషయం 2023లో సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. ఆ తర్వాత కేంద్ర పంచాయతీరాజ్ శాఖ దీన్ని పరిశీలించడానికి ఒక సలహా సంఘాన్ని వేసింది.

మీ సంఘం నుంచి వెళ్లే ప్రతి కాగితం ‘శ్రీమతి ఫలానా గారు, సర్పంచ్’ అని ఆమె పేరునే ఉండాలి. గ్రామసభలో మాట్లాడేటప్పుడు ఆమె వైపు తిరిగి ‘సర్పంచ్ గారూ’ అని మొదలుపెట్టండి. భర్త జవాబు చెప్పబోతే ‘సర్పంచ్ గారు చెప్తారు కదండీ’ అని నెమ్మదిగా అనండి. కార్యదర్శి తీర్మానాల పుస్తకంలో అధ్యక్షత వహించినవారి పేరు ఏమని రాస్తున్నారో చూడండి. సమావేశానికి రానివారి సంతకం తర్వాత ఇంట్లో పెట్టిస్తుంటే, మండల పరిషత్ అభివృద్ధి అధికారికి రాతపూర్వకంగా తెలపండి. సభ్యురాలిగా, ఓటరుగా మీరు ఆ తీర్మానాల నకలు అడగవచ్చు.

ఆహ్వాన పత్రికల్లో ‘శ్రీమతి ఫలానా, భర్త ఫలానా’ అని వేసే అలవాటూ మానాలి. మగ సర్పంచ్ పేరు కింద ఎవరూ ‘భార్య ఫలానా’ అని వేయరు.

ప్రశ్న: గ్రూప్స్ ద్వారా ఎంపికై డిప్యూటీ తహసీల్దారుగా చేరాను. ఆఫీసులో నాకంటే ముప్ఫై ఏళ్లు పెద్దవాళ్లు నా కింద పనిచేస్తున్నారు. ఎమ్మెల్యేలు, ఎంపీలు వచ్చినప్పుడు ఎలా ఉండాలో కూడా చెప్పండి. (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: కింద పనిచేసేవారిని ‘మీరు’ అనండి, పేరుకు ‘గారు’ చేర్చండి. వయసు తేడా ఎంతున్నా, హోదా తేడా ఎంతున్నా ఇది మారకూడదు. నలుగురిలో ‘ఏయ్ అటెండర్’ అనకండి. ఇప్పుడు ఆ పోస్టు పేరు ఆఫీస్ సబార్డినేట్, మనిషికి పేరుంది. ‘బాబాయ్’, ‘అన్నా’ వంటి వరుసలు ఆఫీసు బయట ఎంతో బాగుంటాయి. ఫైలు విషయంలో మాత్రం అవి చిక్కు తెస్తాయి, ఎందుకంటే రేపు ఆ బాబాయికే మెమో ఇవ్వాల్సి రావచ్చు. చేసిన తప్పును గదిలో ఒంటరిగా చెప్పండి, కాగితం మీద రాయాల్సి వస్తే తప్పునే రాయండి, మనిషిని కాదు.

కౌంటర్ దగ్గరికి వచ్చే ముసలమ్మను ‘నువ్వు’ అనే సిబ్బందిని మొదటిరోజే మార్చండి. వేలిముద్ర వేసే చేయి అయినంతమాత్రాన ఆమె చిన్నదైపోదు. కుర్చీ చూపించి, ‘కూర్చోండమ్మా’ అనడానికి ఏ జీవో అక్కర్లేదు.

ఎంపీలు, శాసనసభ్యుల విషయంలో కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఉన్నాయి. 2011 డిసెంబరులో వాటిని మళ్లీ గట్టిగా గుర్తుచేశారు. రాష్ట్రాలూ అదే బాటలో ఉత్తర్వులు ఇచ్చాయి. సభ్యులు గదిలోకి వస్తే లేచి నిలబడి ఆహ్వానించాలి, వెళ్లేటప్పుడు లేచి సాగనంపాలి. ఇచ్చిన సమయానికి కలవలేకపోతే ముందే కబురు చేసి కారణం చెప్పాలి. వారి లేఖకు 15 రోజుల్లో అందినట్లు తెలపాలి, ఆ తర్వాతి 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘గౌరవ శాసనసభ్యులు శ్రీ ఫలానా గారికి’ అని మీ సంతకంతోనే వెళ్లాలి గానీ కింది గుమాస్తా సంతకంతో కాదు.

ఆ మార్గదర్శకాల్లోనే ఇంకొక మాట ఉంది, కొత్తవాళ్లు దాన్ని మరిచిపోతారు. వారు చెప్పేది ఓపిగ్గా వినాలి, తగిన విలువ ఇవ్వాలి, నిర్ణయం మాత్రం అధికారి తన వివేచన ప్రకారమే తీసుకోవాలి. లేచి నిలబడటం వేరు, నిబంధనకు విరుద్ధమైన పాసుపుస్తకం మీద సంతకం పెట్టడం వేరు. ‘సర్, ఫైలు చూసి నిబంధనల ప్రకారం చేస్తాను, కుదరకపోతే కారణం రాతపూర్వకంగా తెలియజేస్తాను’ అన్న వాక్యాన్ని అలవాటు చేసుకోండి. ఇందులో గౌరవమూ ఉంది, నియమమూ ఉంది.

ప్రశ్న: మా సాంస్కృతిక సంస్థ కార్యక్రమానికి ఒక పద్మశ్రీ గ్రహీత వస్తున్నారు, జిల్లా అధికారులు కూడా వస్తారు. పత్రికలో ‘పద్మశ్రీ ఫలానా’ అని వేయవచ్చా? (కార్యదర్శి, రాజమహేంద్రవరం)

జవాబు: వేయకూడదు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. సైనిక, విద్యా సంబంధమైన గుర్తింపులకే మినహాయింపు ఉంది. పద్మ పురస్కారాలు బిరుదులవుతాయా అన్న ప్రశ్న మీద సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో బాలాజీ రాఘవన్ కేసులో తీర్పు ఇచ్చింది. అవి బిరుదులు కావు కాబట్టి రాజ్యాంగబద్ధమే, అయితే పేరుకు ముందు గానీ వెనుక గానీ వాడకూడదు, వాడితే పురస్కారం కోల్పోవాల్సి వస్తుందని చెప్పింది. మన దగ్గర సినిమా టైటిళ్లలో పేరు ముందు ‘పద్మశ్రీ’ వేసిన వ్యవహారం 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది.

మరి గౌరవించేదెలా? పేరు కింద పరిచయ వాక్యంగా ‘పద్మశ్రీ పురస్కార గ్రహీత’ అని వేయండి. అది జరిగిన సంగతిని చెప్పడం, బిరుదు తగిలించడం కాదు. వేదిక మీద వ్యాఖ్యాతకు ఇది ముందే చెప్పి పెట్టండి, మైకు చేతికి రాగానే నోరు అలవాటు వైపు పోతుంది. భారతరత్నకూ ఇదే వర్తిస్తుంది. ‘అవధాన శిరోమణి’ వంటి సాహితీ సంస్థల సత్కారాలకు 18వ అధికరణంతో పేచీ లేదు, అవి ప్రభుత్వం ఇచ్చినవి కావు. అయినా ప్రభుత్వ పత్రికలో అన్నీ పేర్చకండి. ‘శ్రీ డాక్టర్’ అని రెండూ కలపనక్కర్లేదు, ‘డాక్టర్’ ఉంటే ‘శ్రీ’ తీసేయవచ్చు.

ప్రశ్న: మా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవానికి గవర్నర్ గారు వస్తున్నారు. స్వాగతోపన్యాసంలో ‘మహామహిమ’ అనాలా? (పరిశోధక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: అవసరం లేదు. 2012లో రాష్ట్రపతి భవన్, దేశంలో జరిగే కార్యక్రమాల్లో ‘ఎక్సలెన్సీ’, ‘మహామహిమ్’ అన్న సంబోధనలను మాన్పించి ‘గౌరవనీయ’, హిందీలో ‘మహోదయ్’ చాలంది. గవర్నర్లకూ ‘గౌరవనీయ’ అనే వాడతారు. ‘గౌరవనీయులైన రాష్ట్ర గవర్నర్, ఈ విశ్వవిద్యాలయ కులపతి శ్రీ ఫలానా గారికి’ అని మొదలుపెట్టండి. విదేశీ రాయబారులు వస్తే వారికి మాత్రం ‘ఎక్సలెన్సీ’ అంతర్జాతీయ ఆచారం, దాన్ని అలాగే ఉంచండి. వేదిక మీద ఉన్న పన్నెండుమందినీ పేరుపేరునా సంబోధించకండి. ముగ్గురు, నలుగురి తర్వాత ‘వేదికను అలంకరించిన పెద్దలకు’ అంటే సరిపోతుంది.

ప్రశ్న: సమాచార హక్కు దరఖాస్తులో ‘దయచేసి’ అని బతిమాలాలా? ఎవరి పేరున రాయాలి? (డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్)

జవాబు: ‘పౌర సమాచార అధికారి గారికి’ అని రాసి కార్యాలయం పేరు పెట్టండి. అధికారి పేరు తెలియకపోయినా చెల్లుతుంది. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని 2005 చట్టం 6వ సెక్షనులోనే ఉంది. ‘దయచేసి’ ఒక్కసారి రాస్తే చాలు. పేజీ నిండా బతిమాలితే అడిగిన అంశం మసకబారుతుంది. గ్రామ స్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు దాని రుజువు నకలు జతచేస్తే రుసుము అక్కర్లేదు. ‘ఫలానా అధికారి ఎందుకు లంచాలు తింటున్నాడు’ వంటి ప్రశ్నలు అడిగితే తిరస్కరిస్తారు, అది రికార్డు కాదు. ‘ఫలానా తేదీల మధ్య వచ్చిన దరఖాస్తుల రిజిస్టరు నకలు’ అని అడగండి. తప్పు కార్యాలయానికి ఇచ్చినా వారు 5 రోజుల్లో సరైన చోటికి పంపాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి, గడువు ముగిసిన తర్వాత 30 రోజుల్లోపు, ఇదే మర్యాదతో రాయండి. అప్పీలు మీద దరఖాస్తు తేదీ, రసీదు నంబరు తప్పకుండా వేయండి.